వ్యతిరేకంగా ఎవరైనా ఉన్నారా?

ఆ విశ్వవిద్యాలయంలో అధ్యాపక మండలి సమావేశమంటే సగం మందికి కునుకు, తక్కిన సగం మందికి టీ. అధ్యక్షుడు తీర్మానం చదివి "అనుకూలంగా?" అనగానే చేతులు లేచేవి. "వ్యతిరేకంగా ఎవరైనా ఉన్నారా?" అనగానే తలలన్నీ కిటికీ పక్క కుర్చీ వైపు తిరిగేవి. అక్కడ వృక్షశాస్త్రం మాస్టారు కూర్చునేవారు. ఆయన చెయ్యి లేచేది. అందుకే ఆయనకి అడ్డుపుల్ల మాస్టారని పేరు పడింది. ఆ పేరు ఆయన చెవిన పడకపోలేదు, పట్టించుకుంటే కదా.

ఒంటిచేత్తో వ్యతిరేకించి, ఓడిపోయి, అందరితో కలిసి టీ తాగి, నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళేవారు. "ఓడితే ఓడాను, లెక్కపెట్టి ఓడించారు కదా" అనేవారు. ఒకప్పుడు అధ్యక్షుడు గదంతా ఒకసారి చూసి "సరే, అందరికీ ఇష్టమే" అనేసేవాడు. చేతులు లెక్కపెట్టే పద్ధతి ఈయన పోరు పడలేక వచ్చిందే.

అయితే మన కథ ఆయనది కాదు. ఆ చేతులు లెక్కపెట్టిన మనిషిది.

ఆవిడ గణాంకశాస్త్రం చెబుతుంది, మండలికి కార్యదర్శి కూడా. సమావేశాల మినిట్స్ రాస్తుంది కనుక మినిట్స్ మేడం అంటారు. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని చిన్నప్పుడు తల్లి చెబితే, మంచి నోరంటే మూసుకున్న నోరని అర్థం చేసుకున్న పిల్ల. పుట్టింట్లో తండ్రి గొంతు, అత్తింట్లో అత్తగారి గొంతు. మధ్యలో ఈవిడకి గొంతుతో పని పడలేదు. విచిత్రం ఏమిటంటే, తరగతిలో ఆవిడ మాట చివరి బెంచీ దాకా ఖంగున వినిపిస్తుంది. మండలి గదిలో అడుగుపెడితే మాత్రం ఆ గొంతు ఎటు పోతుందో పోతుంది. ఓటు వేసేటప్పుడు పదిమంది చేతులెటో ఆవిడ చెయ్యీ అటే.

ఆవిడకి ఒక అలవాటుండేది. "వ్యతిరేకంగా" అన్న మాట అధ్యక్షుడి నోట్లోంచి రాకముందే, ఆవిడ కలం ఆ గడిలో 'ఒకటి' అని వేసేసేది. మాస్టారి చెయ్యి లేచిందో లేదో చూసేది కూడా కాదు. సూర్యుడు తూర్పున ఉదయించాడా అని ఎవరు చూస్తారు?

ఒకసారి సమావేశం అయ్యాక వరండాలో ఆయన్ని ఆపి, మెల్లిగా, "మీరన్నదే సబబండీ మాస్టారూ" అంది.

ఆయన నవ్వారు. కోప్పడి ఉంటే బాగుండేది. "ఆ మాట లోపలే అనుంటే ఇద్దరమయ్యేవాళ్ళం కదమ్మా" అన్నారు.

ఆ మాట ఆవిడ గుండెల్లో ముల్లులా దిగబడిపోయింది. ఇవాళ కాకపోతే రేపు, ఏదో ఒక రోజు ఆయన పక్కన చెయ్యెత్తాలనుకుంది. అనుకుంటూ ఉండగానే ఆ రేపు కాస్తా అయిపోయింది. సెలవుల్లో, మొక్కల దగ్గర నీళ్ళ గొట్టం పట్టుకుని నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోయారట.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. బతికున్నంత కాలం అడ్డుపుల్ల అన్న నోళ్ళే "మండలికి మనస్సాక్షి" అనడం మొదలుపెట్టాయి. మినిట్స్ మేడంకి ఒళ్ళు మండింది. ఎప్పటిలాగే పైకేమీ అనలేదు.

సంతాప సమావేశానికి రెండు రోజుల ముందు అధ్యక్షుడు పిలిచాడు. ఆయన చెడ్డవాడేం కాదు. కర్ర విరగకుండా పాము చావకుండా రోజు గడిపేసే రకం.

"అన్నీ కలిపి ఒకే తీర్మానం చేద్దామమ్మా. మాస్టారికి సంతాపం, పఠన మందిరానికి ఆయన పేరు, ఇంకా ఒకటి రెండు చిన్న విషయాలు. ఆరోజు ఆయన భార్య కూడా వస్తున్నారు. అందరం ఒక్కమాటగా ఒప్పుకుని ముగించేద్దాం."

ఆయన అందించిన కాగితంలో, ఆ చిన్న విషయాల్లో ఒకదాన్ని ఆవిడ రెండుసార్లు చదివింది. కొత్త అధ్యాపకుల నియామకాలు ఇకపై మండలి ముందుకు రానక్కరలేదు, పైవాళ్ళే చూసుకుంటారు. మాస్టారు ఏళ్ళ తరబడి అడ్డుపడింది సరిగ్గా ఇలాంటివాటికే.

"ఇది... విడిగా పెడితే బాగుంటుందేమోనండీ."

"సంతాపం పూట పేచీలెందుకమ్మా? పైవాళ్ళు అడుగుతున్నారు. ఎప్పటికైనా తప్పేది కాదు."

అక్కడుంది కిటుకు. తీర్మానాల మూటలోంచి ఏ ఒక్కదాన్నైనా విడిగా తీయమని అడిగే హక్కు ప్రతి సభ్యుడికీ ఉంది. ఆ నియమం కూడా మాస్టారు పట్టుబట్టి రాయించిందే, ఓటుకి పెట్టి ఆయన జన్మలో నెగ్గిన ఒకే ఒక్క పందెం. కానీ ఈ మూటకి అడ్డుచెప్పడమంటే, చూసేవాళ్ళకి ఎలా ఉంటుంది? పోయిన మనిషి భార్య ఎదురుగా, ఆయనకి చేసే గౌరవానికి అడ్డుచెప్పినట్టు ఉంటుంది.

ఆ సాయంత్రం భర్త కళ్ళజోళ్ళ దుకాణంలో కూర్చుని సంగతంతా చెప్పింది. ఆయన ఒక అద్దాన్ని గుడ్డతో తుడుస్తూ విన్నాడు.

"నీకెందుకొచ్చిన గొడవ? అంతమంది ఉన్నారు, ఎవరో ఒకరు అడుగుతారులే."

"అందరూ అలాగే అనుకుంటారండీ."

"అయితే అడుగు."

"మాస్టారి భార్య ఏమనుకుంటారో."

"అనుకోనీ. లేదంటే జీవితాంతం నువ్వు అనుకుంటూ కూర్చుంటావు. నేను వింటూ కూర్చోవాలి" అని అద్దాన్ని వెలుతురుకేసి పట్టి చూసుకున్నాడు.

సమావేశం రోజు గది నిండిపోయింది. కిటికీ పక్క కుర్చీ ఖాళీ. అక్కడ కూర్చోవద్దని ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అయినా ఎవరూ కూర్చోలేదు. మాస్టారి భార్య ముందు వరసలో, ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని కూర్చుంది. అధ్యక్షుడు తీర్మానం మొత్తం గడగడా చదివాడు. నియామకాల సంగతి వచ్చేసరికి గొంతు ఇంకాస్త జోరందుకుంది.

"ఎవరికీ అభ్యంతరం లేదుగా?"

మినిట్స్ మేడం తలెత్తింది. ఎవరైనా లేస్తారేమోనని చుట్టూ చూసింది. అందరూ నేల చూపులు చూస్తున్నారు. అప్పుడు కలం బల్ల మీద పెట్టి చెయ్యెత్తింది.

గది గుసగుసలాడింది. అధ్యక్షుడు తెల్లబోయాడు. "అమ్మా, మాస్టారి సంతాపానికి అభ్యంతరమా?"

మాస్టారి భార్య ఆవిడ వైపు చూసింది. అయినా, తరగతి గదిలోని గొంతు ఎలా దారి తెలుసుకుందో ఏమో, ఇక్కడికి వచ్చేసింది.

"సంతాపానికి కాదండీ. నియామకాల విషయం విడిగా తీయండి. మాస్టారు బతికుంటే ఒప్పుకోని దాన్ని ఆయన పేరు చాటున దాటించడం నాకు ఇష్టం లేదు. నెగ్గితే నెగ్గనివ్వండి. లెక్కపెట్టి నెగ్గనివ్వండి."

నియమం నియమమే. విడిగా తీశారు. వ్యతిరేకంగా ఎవరున్నారని అడిగినప్పుడు మొదట లేచింది ఆవిడ చెయ్యే. తర్వాత అర్థశాస్త్రం ఆయనది. ఆ తర్వాత ఒకటొకటిగా లేస్తూనే ఉన్నాయి. పిల్లి మెడలో గంట ఎవరు కడతారా అని చూస్తున్నవాళ్ళు ఇంతమంది ఉన్నారని ఆవిడకేం తెలుసు. ఆ ప్రతిపాదన వీగిపోయింది. నెగ్గినందుకు సంతోషించాలో, ఈ చేతులన్నీ ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కున్నాయని ఏడవాలో తెలియలేదు.

మిగిలింది సంతాపం, పఠన మందిరానికి పేరు. "అనుకూలంగా?" అన్నాడు అధ్యక్షుడు. గదిలో ఉన్న చేతులన్నీ లేచాయి. అక్కడితో ఆపేయాల్సింది. నోటికి అలవాటైపోయిన మాట, అనేశాడు. "వ్యతిరేకంగా ఎవరైనా ఉన్నారా?"

తలలన్నీ కిటికీ వైపు తిరిగాయి.

ఎవరూ నవ్వలేదు. అధ్యక్షుడు కూడా అటే చూస్తూ, ఉండాల్సిన దానికంటే ఎక్కువసేపే ఆగాడు. ఆ మనిషి ఇక లేడన్న సంగతి ఆ గదికి అప్పుడు తెలిసింది.

అందరూ లేచి వెళుతుంటే మాస్టారి భార్య బల్ల దగ్గరికి వచ్చింది. మినిట్స్ మేడం లేవబోయింది. "అమ్మగారూ, నేను చెయ్యెత్తింది..."

"నాకు అర్థమైందమ్మాయ్. ఇంటికొచ్చి మీ అందరి మీదా చెప్పేవారు. నీ గురించి మాత్రం 'ఆ అమ్మాయి ఎప్పటికైనా ఎత్తుతుంది, చూడు' అనేవారు."

మినిట్స్ మేడం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల దించుకుని కాగితం వైపు చూసింది. సంతాప తీర్మానం ఎదురుగా, వ్యతిరేకం గడిలో, 'ఒకటి' అని ఉంది. ఎప్పుడు వేసిందో ఆవిడకే తెలియదు.

కొట్టెయ్యాలి. ఆవిడకి చెయ్యి రాలేదు.

పెద్దావిడ వంగి ఆ అంకె చూసింది. దాని మీద ఒకసారి వేలు ఆనించింది.

"కొట్టెయ్యమ్మా" అంది. "లెక్క తప్పితే ఊరుకునే మనిషి కాదు."