రంగు మారని నీళ్లు

మా కెమిస్ట్రీ సారును నేను ఇప్పటికీ క్షమించలేదు. ప్రయోగం మొదలుకాకముందే, పోయినేడాది రికార్డు చూసి ఫలితాలు రాయించడం ఆయన అలవాటు. ఆ రోజూ "నీళ్లు తటస్థం, లిట్మస్ రంగు మారదు" అని ముందే రాయించాడు. గుమ్మడిదల దగ్గరి మా బడిలో పిల్లలమంతా తాగే బోరు నీళ్లలోనే నేను నీలి లిట్మస్ ముంచాను. అది ఎర్రబడింది.

"సార్, గిది ఎర్రగైంది. పక్కనున్న మందుల కంపెనీ ఇడిసే నీళ్లు మన బోర్లకు దిగుతున్నయేమో!"

ఆయన కాగితం లాక్కుని నలిపి పారేశాడు.

"కాగితం ఖరాబైంది. రాసింది గట్లనే ఉండనీ. జెర నోరు మూసుకో."

నా రికార్డు మీద సంతకం పెట్టి, పటాన్‌చెరు నుంచి రోజూ తెచ్చుకునే నీళ్ల సీసా మూత తిప్పాడు. మా బడిలో పనిచేసిన ఆరేళ్లలో ఆ మనిషి మా బోరు నీళ్లు ఒక్క గుక్క తాగలేదు.