తక్కెడ ఎక్కే ముందు కడుపునిండా తిన్నాను

మా చిన్నతనం... దేశాల మధ్య లడాయి నడుస్తున్న రోజులు. శంషాబాదులో మా మేనత్త కూతురి పెళ్లి. పంక్తిలో కూర్చున్నాను. మోదుగాకు విస్తరిలో బగారన్నం పడింది. మాంసం కూర గరిట నా దాకా వచ్చింది. అంతలో మా నాయినమ్మ చెయ్యి నా ఆకును కప్పేసింది.

"దీనికి వద్దు. ఇది ఒళ్లు తగ్గాలె" అన్నది.

పంక్తి పంక్తంతా నవ్వింది. ఏడెనిమిదేళ్ల పిల్ల ఒళ్లు తగ్గడం ఏమిటని... ఆ కాలంలో బొద్దుగా ఉంటే కలిగినవాళ్ల పిల్ల అనుకునేవారు. తగ్గాలని ఎవరు కోరుకున్నారు?

సంగతి ఏమిటంటే... అంతకు కొన్నేళ్ల ముందు మా ఇంట్లో మశూచి వచ్చింది. అమ్మవారు పోసింది అనేవాళ్లం. మా అన్న మల్లేశు పోయాడు. వాడి పక్కన అదే మంచంలో నేనూ ఉన్నాను. మా అమ్మ పోచమ్మకు మొక్కింది... ఈ ఒక్కతి దక్కితే దీని బరువెంతో అంత బెల్లం తూచి ఇస్తానని. నేను దక్కాను.

మరి బెల్లం ఎక్కడిది? లడాయి పేరు చెప్పి షాద్‌నగర్ అంగట్లో కూడా లేదనేవారు. మొక్కు ఏటికేడు వెనక్కి పోయింది. ఈలోపు నేను గుండ్రాయిలాగా తయారయ్యాను. ఎందుకంటే అన్న వాటా కూడా మా అమ్మ నాకే పెట్టేది. వాడి ముద్ద... వాడి పాలు... పండుగొస్తే వాడి గారెలు.

ఆ ఏడు ఎట్లాగో కొంత బెల్లం సమకూడింది. నాయినమ్మ బెల్లాన్ని చూసింది, నన్ను చూసింది.

"ఇది సాలదు. బెల్లమైతే పెరగదు... పిల్ల తగ్గుతది గద" అన్నది.

ఇక మొక్కు రోజు దాకా నాకు జొన్న గటక, మజ్జిగ. అంతే. నాయినమ్మ చెడ్డది కాదు. మొక్కు తీరకపోతే పోచమ్మ నన్ను కూడా తీసుకుపోతుందని ఆమె భయం.

అప్పుడే రావాలా పండుగలన్నీ... పెళ్లి అయింది, వెంటనే పీర్ల పండుగ. పక్కింటి ఖాలా రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్ద నా చేతిలో పెట్టబోయింది. నాయినమ్మ అడ్డం వచ్చింది.

"క్యా అమ్మా, బచ్చీని గిట్ల ఎండబెడుతున్నరు... మిరపకాయనా ఇది?" అన్నది ఖాలా. నాయినమ్మ అటు తిరగగానే ముద్ద నా నోట్లో పెట్టేసింది.

అమ్మ ఇదంతా చూస్తూ ఊరుకుంది. అత్తకు ఎదురు చెప్పే కాలం కాదు అది.

మొక్కు తీర్చే రోజు పొద్దున... ఇంటి నిండా చుట్టాలు. మూకుడులో గారెలు వేగుతున్నాయి. అమ్మ నన్ను పొయ్యి దగ్గరే కూర్చోబెట్టుకుంది. అన్నం, పప్పు, నెయ్యి... గారె మీద గారె. నాయినమ్మ ఉరికొచ్చింది.

"ఏందే, మతి పోయిందా నీకు? ఇంక జరసేపట్ల తక్కెడ ఎక్కుతది."

"ఎక్కనియ్యి అత్తా. పోచమ్మ ఇచ్చిన పిల్లను ఎండబెట్టి పోచమ్మకే తూస్తమా?"

"బెల్లం సాలకపోతే?"

"సాలకపోతే అడుక్కొస్త. దీంట్ల సగం నా కొడుకుది అత్తా. వాని బరువు ఇసుమంత తగ్గనియ్య."

నాయినమ్మ వచ్చిన దారినే వెనక్కి మళ్లింది. ఆమెకూ వాడు మనవడే కదా...

గుడి ముందర తక్కెడ కట్టారు. ఒక తట్టలో నేను, ఇంకో తట్టలో బెల్లం. తెచ్చిందంతా పెట్టారు... నా తట్ట నేలను విడవలేదు. "పిల్లను ఇంటికి తోల్కపోయి ఇంకొన్ని దినాలు గటక తాపుండ్రి" అని ఎవరో అన్నారు. నవ్వులే నవ్వులు. నాకు ఏడుపొచ్చింది.

అమ్మ నన్ను దించనివ్వలేదు. కొంగు పట్టి ఇంటింటికీ పోయింది. మొదటి బెల్లం ముద్ద ఖాలా ఇంటి నుంచే వచ్చింది. ఒకరింట్లో బాలింత కోసం దాచిన తునక... ఇంకొకరింట్లో చీమలు పట్టిన అచ్చు... అమ్మ కొంగు విప్పి తట్టలో పోసింది. నా తట్ట మెల్లగా గాలిలోకి లేచింది.

"నీ బిడ్డ ఊరి బెల్లమంత మింగింది పో" అన్నది నాయినమ్మ... నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ.

బెల్లమన్నం వండి అందరికీ పంచారు. నేను మళ్లీ తిన్నాను.

మా చేన్లు ఉన్న చోట ఇప్పుడు విమానాలు దిగుతున్నాయి. ఆ దారిలోనే ఒక పెద్ద హాలులో నా బిడ్డ తన చిన్న కొడుకు పెళ్లి చేసింది. అన్ని వంటల మధ్య అది నాలుగు కీరా ముక్కలు పెట్టుకుని కూర్చుంది. "తినవే" అంటే "బరువు తగ్గాలె అమ్మా, తర్వాత తింట" అన్నది.

తర్వాత దానికి రోగమొచ్చింది. అది తగ్గాలనుకున్న దానికన్నా ఎక్కువే తగ్గించి ఆ రోగం దాన్ని తీసుకుపోయింది. నా బిడ్డ పోయి ఈ మధ్యే ఏడాది నిండింది.

ఇప్పుడు దవాఖానలో నన్నూ తగ్గమంటున్నారు. సరే... మామూలు రోజుల్లో జొన్నరొట్టె, ఆకుకూర, వాళ్లు చెప్పినట్టే తింటున్నాను. పండుగ నాడు మాత్రం ఎవరి మాటా వినను. మొన్న మనవడి భార్యకు సీమంతం చేశాం. పంక్తిలో కూర్చుని అడిగి వడ్డించుకున్నాను.

"అమ్మమ్మా, జర సూసుకో" అన్నాడు మనవడు.

"మీ అమ్మ తినకుండ పోయిన ముద్దరా ఇది. నువ్వు మాట్లాడకు" అన్నాను. ఏడుస్తూనే తిన్నాను... ఒక్క మెతుకు వదలకుండా తిన్నాను.

ఆ రోజుల్లో మనిషి బరువు చూసింది బతికినందుకు... అదీ ఒక్కసారి. ఇప్పుడు ఇంటింటికీ తూకం మిషన్. పొద్దున లేచి దాని మీద నిలబడి, మొహం చిన్నబుచ్చుకుని పండుగకు కూర్చుంటున్నారు.

మీకు కొసరి కొసరి పెట్టిన వాళ్లెవరో, ఏం పెట్టారో కింద రాయండి. నాకు చదువు తక్కువ... కూడబలుక్కుంటూ అయినా అన్నీ చదువుతాను.