రెండు మాటల పాత్ర

ముప్పై రోజుల్లో పిల్లల్ని నటుల్ని చేస్తానని మాస్టరు మాట ఇచ్చాడు. అందులో నాలుగు ఆదివారాలు, ఆయన గొంతు పట్టేసిన రెండు రోజులు, ఆయనకు సన్మానాలు జరిగిన మూడు రోజులు తీసేస్తే మిగిలినవి ఇరవై ఒకటి. హాజరు పుస్తకం నా చేతిలో ఉండేది కాబట్టి ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను.

మా ఊరి బంగారు గనులు సర్కారువి అయిన తరువాతి మాట. ఆ వేసవిలో మా బజారు పెద్దలకు ఒక దిగులు పట్టుకుంది. పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడం మాట్లాడి, కోపం వస్తే ఇంగ్లీషులో తిట్టుకుంటున్నారు. పద్యనాటకం నేర్పిస్తే నాలుక శుద్ధి అవుతుందని ఎవరో చెప్పారు. కోస్తా నుంచి మాస్టరును పిలిపించారు. పాత క్లబ్బు హాలు అడిగి తీసుకున్నారు. మాది బియ్యం అంగడి. నేను లెక్క తప్పనని పేరు ఉండడం వల్ల హాజరు రాయడం, గడియారం చూడడం, నాటకం రోజు తెర పక్కన నిలబడి మాట మరిచినవాళ్ళకు అందించడం నాకు అప్పగించారు. పిల్లలందరికీ నేను 'మా', అంటే అమ్మా అన్నట్టు.

చేరినవాళ్ళు ఇరవై నలుగురు. నాటకం మాస్టరు సొంతంగా రాసుకొచ్చాడు. ఒక రాజు నిండు సభలో అబద్ధం చెబుతాడు. భూమి కంపిస్తుంది. రాణి భయపడుతుంది. రాజు బుద్ధి తెచ్చుకుంటాడు. కథ చిన్నదే. చిక్కల్లా రాజు ఒక్కడే కావడం. పదకొండు మంది తండ్రులు తమ కొడుకే రాజు కావాలన్నారు. మాస్టరు గొప్పవాడు, ఒక్క పూటలో పది సామంతరాజుల పాత్రలు రాసేశాడు. దాంతో ఆ రాజ్యంలో కిరీటాలు పదకొండు అయ్యాయి, మంత్రులూ పదకొండు మంది అయ్యారు. సైనికుడు లేడు, ప్రజ అసలే లేదు. రాణి వేషం నగల అంగడాయన కూతురికి వచ్చింది. నటన సంగతి నాకు తెలియదు గానీ, వడ్డాణం మాత్రం వాళ్ళింటిదే.

సేవ చేసే వేషం ఒక్కటే మిగిలింది. అది రాణిగారి చెలికత్తె. బిందె పట్టుకుని నిలబడాలి. ఆ వేషం కార్మికుల లైన్ల నుంచి వచ్చే పన్నెండేళ్ళ పిల్లకు ఇచ్చారు. వాళ్ళ నాయన గనిలో పని. ఇరవై ఒక్క రోజుల్లో ఒక్కనాడు కూడా ఆలస్యంగా రానిది ఆ పిల్ల ఒక్కతే. రాణి మాటలన్నీ దానికి కంఠతా వచ్చు. ఒకరోజు ధైర్యం చేసి అడిగింది.

"సార్, నాకూ ఒగ మాట ఇయ్యండి సార్. చిన్నదైనా సాలు."

"ముందు 'ఒగ' మానెయ్యమ్మా. 'సాలు' కూడా మానెయ్. అప్పుడు చూద్దాం."

మానేసింది. వారం రోజులు పెదవి బిగించి మాట్లాడింది. మాస్టరు మెచ్చి ఒక మాట ఇచ్చాడు. "చిత్తము దేవీ." అప్పటి నుంచి ఆ పిల్ల నన్ను చూసినా అదే, నీళ్ళ తొట్టిని చూసినా అదే. మొదట్లో "సిత్తం" అని వచ్చేది. నాలుగో రోజుకు "చి" కుదిరింది.

భయం ఎలా నటించాలో నేర్పడానికి మాస్టరుకు రెండు రోజులు పట్టింది. "భూమి అదిరింది!" అని ఆయన అరిస్తే, మూడడుగులు వెనక్కి వేసి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి, "హా!" అనాలి. మా పిల్లలు ఉన్నచోటే నిలబడిపోయేవాళ్ళు. దగ్గరున్న బెంచీనో కిటికీనో పట్టుకుని పైకప్పు వైపు చూసేవాళ్ళు.

"ఏమిట్రా ఇది? మీ ఊళ్ళో పిల్లలకు భయమంటే ఏమిటో తెలియదా?" అని తల పట్టుకున్నాడు.

"యాల తెలీదు సార్, తెలుసు," అన్నాడు ఒక సామంతుడు.

మే నెల మూడో వారం, మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు గని లోపల ఎక్కడో రాయి పగిలింది. హాలు ఒక్కసారి ఊగింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. పిల్లలు ఉన్నచోటే నిలబడ్డారు. ఒకడు మాస్టరు టీ గ్లాసు దొర్లకుండా పట్టుకున్నాడు. ఇద్దరు హార్మోనియం పట్టుకున్నారు. మాస్టరు మూడడుగులు వెనక్కి వెయ్యలేదు, "హా" అనలేదు. చెప్పులు వదిలేసి బయట మైదానం దాకా పరుగెత్తాడు.

అదురు ఆగింది. ఆ పిల్ల నా వైపు తిరిగి మెల్లగా అడిగింది. "ఏ షిఫ్టు మా?"

అదిరినప్పుడు మా ఊళ్ళో ఏ ఇంట్లోనైనా మొదట వచ్చే మాట అదే. ఇప్పుడు లోపల ఎవరింటి మనిషి ఉన్నాడో దాన్నిబట్టి తెలుస్తుంది.

"సెకండు," అన్నాను.

వాళ్ళ నాయనది అదే. బిందె కింద పెట్టి, నన్ను అడిగి, గని వైపు వెళ్ళిపోయింది. మరునాడు రెండు గంటలకే వచ్చి, "మా నాయన బాగుండాడు మా," అంది. తరువాత మాస్టరు ముందు నిలబడి, "చిత్తము దేవీ," అని చూపించబోయింది.

"అక్కర్లేదు," అన్నాడు మాస్టరు. "చెప్పకుండా తరగతి విడిచి వెళ్ళిన పిల్లకు మాట ఎలా ఇస్తాను? క్రమశిక్షణ లేనిదే కళ లేదు. ఊరికే బిందె పట్టుకుని నిలబడు."

నేను పుస్తకం తెరిచాను. "మాస్టరుగారూ, మీరు బయటికి వెళ్ళింది మూడూ ఇరవైకి. ఈ పిల్ల వెళ్ళింది మూడూ ఇరవై మూడుకు. అదీ నన్ను అడిగి."

"నేను పరిస్థితి పరిశీలించడానికి వెళ్ళానండీ."

"చెప్పులు లేకుండానా?"

ఆయన వెళ్ళి హార్మోనియం ముందు కూర్చున్నాడు. మాట మాత్రం ఇవ్వలేదు. ఆ పిల్ల ఏడవలేదు, మానెయ్యనూ లేదు. మిగిలిన రోజులన్నీ వచ్చి బిందె పట్టుకుని నిలబడింది.

నాటకం శనివారం సాయంత్రం ఆరున్నరకు మొదలవ్వాలి. దండలు వేయించుకునే పెద్దలు తొమ్మిది మంది కావడంతో ఏడూ పదికి మొదలైంది. ముందు వరుసల్లో బజారు, వెనక బెంచీల్లో లైన్ల జనం. రాజు తన అబద్ధాన్ని స్పష్టంగా చెప్పాడు. తెర వెనక రేకు ఊపారు, ధనధనమని మోగింది. నగల అంగడాయన కూతురు మూడడుగులు వెనక్కి వేసి, నుదుటికి చెయ్యి పెట్టి, "హా! ధరణి కంపించుచున్నదే!" అంది.

వెనక బెంచీలు గొల్లున నవ్వాయి.

"అట్ల ఎగిరితే వడ్డాణం పడిపోతాది, పట్టుకో తల్లీ!" అని ఎవరో అరిచారు.

పాపం, రాణికి తరువాతి మాట పోయింది. నేను అందిస్తూనే ఉన్నాను, నవ్వుల్లో దానికి వినబడలేదు. కళ్ళనిండా నీళ్ళతో చెలికత్తె వైపు తిరిగింది.

చెలికత్తె కదల్లేదు. బిందె కింద పెట్టి, మోగకుండా అంచు మీద రెండు చేతులూ ఆనించి ఉంది. పైకప్పు వైపు చూస్తోంది. ఒక్కొక్క బెంచీలో నవ్వు ఆగుతూ వచ్చింది. హాలంతా నిశ్శబ్దమయ్యాక ఆ పిల్ల రాణి వైపు చూసి మెల్లగా అడిగింది.

"ఏ షిఫ్టు?"

పురాణకాలపు అంతఃపురంలో, పదకొండు కిరీటాల ముందు. ఒక్కరూ నవ్వలేదు. వెనక నుంచి ఒక ముసలాయన, తన ఇంట్లో చెప్పినట్టే, "సెకండు తల్లీ," అన్నాడు. ఎవరో ఆడమనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాణికి మాట గుర్తొచ్చింది, నాటకం ముందుకు సాగింది.

మాస్టరు నా చెవిలో బుసకొట్టాడు. "ఆ మాట యెక్కడిదండీ? పుస్తకంలో లేదే!"

"పుస్తకంలో లేదు. ఊళ్ళో ఉండాది," అన్నాను.

మరునాడు ప్రశంసాపత్రాలు పంచాలి. ఇరవై నాలుగింటిలోనూ పిల్లల పాత్రలు మాస్టరే తన చేత్తో రాసిపెట్టాడు. ఆ పిల్ల పత్రంలో "చెలికత్తె: మాట లేని పాత్ర" అని ఉంది. పంచకముందు సరిచూసే పని నాది. తప్పు లెక్క మీద నేను సంతకం పెట్టను. "మాట లేని" అన్నది ఎర్ర సిరాతో కొట్టేసి, పైన "రెండు మాటల" అని రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.

ఆ పిల్ల చదువుకుని వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఏ, ఒకటి. షిఫ్టు, రెండు.

"సరిపోయింది మా," అంది.