లిఫ్టాయన నిక్కరు

మా చెల్లెలి భర్త యాభై దాటేదాకా మోకాళ్ళు బయటపెట్టి ఎరగడు. ఇంట్లో ఉన్నా ప్యాంటే, పడుకుంటే పైజమానే. ఎండాకాలం కరెంటు పోయినప్పుడు కూడా మేమంతా సగం బట్టలతో నేల మీద దొర్లుతుంటే ఆయన మాత్రం నిండుగా కూర్చుని విసురుకునేవాడు. అలాంటి మనిషి నన్ను వెంటబెట్టుకుని ఆటసామాన్ల దుకాణానికి నిక్కరు కొనుక్కోవడానికి బయలుదేరాడంటే, అది సరదాకి కాదు.

ఆయన లిఫ్టులు మరమ్మతు చేసే కంపెనీలో పనివాడు. మా వీధిలో అసలు పేరు ఎవరికీ పట్టేది కాదు, లిఫ్టాయన అంటే చాలు. నాకు ఆయన బావ, ఆయనకి నేను బావ. ఇద్దరం తక్కువ మాట్లాడే వాళ్ళమే కాబట్టి మా మధ్య ఏనాడూ మాట తేడా రాలేదు.

ప్రతి లిఫ్టు కిందా, అన్నిటికంటే అడుగు అంతస్తుకి దిగువన, మనిషి లోతు గొయ్యి ఒకటి ఉంటుంది. ఒక మధ్యాహ్నం బావ అందులోకి దిగి పేరుకున్న నూనె మడ్డి తుడుస్తుండగా పైన ఎవరో కరెంటు ఇచ్చారు. ఎవరు ఇచ్చారో ఎన్నడూ తేలలేదు. లిఫ్టు పైకి కదిలింది, దానికి సరిజోడుగా వేలాడే ఇనప దిమ్మెల చట్రం కిందికి వచ్చింది. ఎడమ పాదం దాని కింద నలిగింది. ఆసుపత్రిలో మోకాలికి జానెడు కింద తీసేశారు.

కంపెనీ ఇంజనీరు మంచివాడే. చూడ్డానికి వచ్చి, మంచం పక్కన నిలబడి, దాపరికం లేకుండా చెప్పాడు. పెట్టుడు కాలుతో నిచ్చెన మీదుగా గొయ్యిలోకి దిగి, లోపల చెయ్యాల్సింది చేసి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పైకి రాగలిగితే పనివాళ్ళ గుంపులో ఆయన చోటు ఆయనదే. రాలేకపోతే మాత్రం కుర్చీలో కూర్చోబెట్టే పని తన దగ్గర లేదు. బావ తల ఊపాడు. ఆ రోజు నుంచి ఆయనకి బతుకంటే ఆ గొయ్యిలోంచి తిరిగి పైకి రావడమే అయిపోయింది.

"ఒక కాలు తిన్నది చాలదా దానికి?" అంది చెల్లెలు నాతో, వంటింట్లో, ఆయనకి వినబడేలాగే.

పెట్టుడు కాళ్ళు తయారుచేసే చోట ఒకావిడ ఉండేది. పొట్టిగా, పెద్ద గొంతుతో, చేతులకెప్పుడూ అచ్చులు పోసే తెల్లటి పిండి అంటుకుని. బావ ఆవిడకి కాళ్ళమ్మ అని పేరు పెట్టాడు. ఆవిడకి ఆ సంగతి తెలుసు, పట్టించుకునేది కాదు. కాలు తొడిగిన మొదటి రోజు ఆవిడ మమ్మల్ని ముగ్గుర్నీ కూర్చోబెట్టి చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పింది. తెగిన కాలి మోడు పెట్టుడు కాలి పైనున్న గిన్నెలో కూర్చుంటుంది. గిన్నె మీది నుంచి తొడ సగం దాకా రబ్బరు తొడుగు వస్తుంది. ఆ రబ్బరు ఒంటికి అతుక్కుని, లోపలికి గాలి పోనంతసేపే కాలు నిలుస్తుంది. మధ్యలో బట్ట దూరిందా, దాని వెంట గాలి దూరుతుంది. గాలి దూరితే కాలు నీది కాదు.

నిక్కరు మాట కూడా ఆవిడే ఎత్తింది. పెట్టుడు పాదం చీలమండ దగ్గర వంగదు, ప్యాంటులోంచి దూర్చడమంటే గొడుగుని సీసాలోకి దూర్చినట్టే. పైగా మధ్యలో రబ్బరు దించి చెమట తుడుచుకోవాలి. "పొద్దున కసరత్తుకీ అదే, బజారుకీ అదే, ఇంటికి ఎవరైనా వచ్చినా అదే. పూటకోసారి బట్టలు మారుస్తూ కూర్చుంటే ఇక నడిచేదెప్పుడయ్యా?" అంది.

అలా వెళ్ళాం దుకాణానికి. అమ్మకాలాయన కండలు తిరిగిన మనిషి, బావ కర్ర చూసి ఒక్క క్షణం తడబడి, వెంటనే మామూలుగా మాట్లాడటం మొదలుపెట్టాడు. అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి. ముందుగా తీసింది రెండు పొరల రకం, పైన వదులుది, లోపల ఒంటికి అతుక్కునేది. బావ లోపలి పొర బయటికి లాగి చూశాడు.

"నిక్కరుకి నిక్కరా? పైదానికి ఒంటరిగా ఉండటం భయమా?"

లోపలి పొర మోకాలి దాకా ఉంది, రబ్బరు మీదికి వస్తుంది. పనికిరాదు. తర్వాతది పరుగు పందేల వాళ్ళది, గాలికే ఎగిరిపోయేంత పలచన, పక్కన చీలికలు. అది వేసుకుని వీధిలోకి వస్తే కాలు సంగతి ఎవరూ అడగరులే అన్నాడు బావ. అమ్మకాలాయన నవ్వాపుకోలేక దాన్ని మడత పెట్టేశాడు.

మూడోది మోకాళ్ళు దాటి కిందికి వచ్చే పొడుగాటిది. దాన్ని ఆయన వదల్లేకపోయాడు. అద్దం ముందు నిలబడి చాలాసేపు చూసుకున్నాడు. రబ్బరు అంచు కనబడటం లేదు, గిన్నె కనబడటం లేదు, కింద బూటు ఉంది. దూరం నుంచి చూస్తే ఏమీ జరగని మనిషి. కాళ్ళమ్మ చెప్పింది నేను గుర్తు చెయ్యబోయేలోపే ఆయన కూర్చుని చూశాడు. అంచు వెళ్ళి గిన్నెకీ మోకాలికీ మధ్య నలిగింది. విప్పేశాడు.

చివరికి కుదిరింది బూడిద రంగుది. తొడ సగానికి పైనే ఆగుతుంది, కాళ్ళ దగ్గర వెడల్పు, లోపల వల గుడ్డ లేదు, మెరుపు లేదు, చారలు లేవు. జేబుకి జిప్పు ఉంది, తాళంచెవి పడిపోదు. చెమట పీల్చి త్వరగా ఆరే గుడ్డే అయినా మామూలు నూలు బట్టలా కనబడుతుంది. బావ కూర్చున్నాడు, లేచాడు, పెట్టుడు కాలు బెంచీ మీద పెట్టి ముందుకి వంగాడు. అంచు రబ్బరు దరిదాపులకి రాలేదు.

"ఇది జిమ్ముకి వేసుకెళ్ళినా, అటునుంచి అటే పెళ్ళిచూపులకి వెళ్ళినా తెలీదు సార్," అన్నాడు అమ్మకాలాయన.

"ఆ పని ఒకసారి చేశాను, చాలు," అన్నాడు బావ. అదే రకం రెండు తీసుకున్నాం, ఒకటి ఉతుకులో ఉంటే ఒకటి ఒంటిమీద ఉండేలా. బయటికి వచ్చాక మెట్ల మీద ఆగి, "ఇకనుంచి ఎవడైనా ముందు కిందికి చూసి, తర్వాత నా మొహం చూస్తాడు బావా," అన్నాడు. నేను నిక్కర్ల సంచీ అందుకుని ముందు మెట్టు దిగాను. అబద్ధం చెప్పి ఏం లాభం?

ఆ తర్వాత కొన్ని నెలలు ఆయన చేసిన కసరత్తు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. తెల్లారగానే మేమంతా ఉండే భవనం మెట్లు ఎక్కేవాడు, దిగేవాడు. ఇసక సంచీ భుజాన వేసుకుని గోడకి ఆనుకుని గుంజిళ్ళు తీసేవాడు. మోడు పుండు పడితే రెండు రోజులు ఆగి, మానకుండానే మళ్ళీ మొదలుపెట్టేవాడు. వాచ్‌మన్ ఊరుకునేవాడు కాదు. "లిఫ్టు మనుషులే మెట్లెక్కుతుంటే మేం ఎవర్ని నమ్మాలి సార్?" అని ఎగతాళి చేసేవాడు. మొదటిసారి ఆ నిక్కరుతో కూరల బజారుకి వెళ్ళినప్పుడు జనం పక్కకి తప్పుకుని దారిచ్చారట. ఆ దారే తనకి చావుగా ఉందని చెల్లెలితో చెప్పాడు. పోనుపోనూ ఎవరూ తప్పుకోవడం మానేశారు. ఆ నిక్కరుకి ఆయన కంటే వీధే ముందు అలవాటు పడింది.

చెల్లెలు మాత్రం ముభావంగానే ఉండేది. అయినా రోజూ పొద్దుటికి ఆరిన నిక్కరు మడత పెట్టి కుర్చీ మీద ఉండేది.

ఆదివారాల్లో జూనియర్ వచ్చేవాడు. జూనియర్ అంటే పేరుకే, మీసం నెరిసిన మనిషి. బావ దగ్గర పని నేర్చుకుని, బావ ఆసుపత్రిలో ఉండగా గుంపుకి పెద్ద అయ్యాడు. "మీ చోటు ఖాళీగానే ఉంచాను గురువుగారూ," అనేవాడు ప్రతిసారీ. బావ మొహం ఆ ఒక్క మాటకి వెలిగేది.

పరీక్ష రోజు వచ్చింది. ఒక ఆఫీసు భవనం సెల్లారులో లిఫ్టు నిలిపేశారు. నన్ను కిందికి రానివ్వలేదు, పైన హాల్లో కుర్చీలో కూర్చున్నాను. జరిగింది నాకు జూనియర్ చెప్పాడు, ఆ రోజూ చెప్పాడు, తర్వాత కూడా చాలాసార్లు చెప్పాడు. చెప్పకుండా ఉండలేకపోయేవాడు.

వాళ్ళ పనిలో గొయ్యి తలుపు తీయగానే చేతులు ఒంటి చుట్టూ ఒకసారి తిరుగుతాయి. చొక్కా అంచు లోపలికి, నాడా లోపలికి, తుడుచుకునే గుడ్డ జేబులోకి, ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి. తిరిగే తాళ్ళ దగ్గర వేలాడే బట్ట మనిషిని లాక్కుపోతుంది. కొత్తవాడు దోపుకోవడం మరిస్తే బావ చేతిమీద ఒక్కటిచ్చేవాడట, జూనియర్ కూడా తిన్నాడు. అది ఆలోచించి చేసే పని కాదు, తుమ్మొస్తే కళ్ళు మూసుకోవడం లాంటిది.

బావ హెల్మెట్ పెట్టుకున్నాడు, చేతి తొడుగులు వేసుకున్నాడు. తలుపు తెరుచుకుంది. చేతులు ఒంటి చుట్టూ తిరిగాయి. చొక్కా, నాడా. తర్వాత వెడల్పుగా వదులుగా ఉన్న నిక్కరు అంచుని కిందికి లాగి, రబ్బరు తొడుగు పై అంచు వేలితో ఎత్తి, చుట్టూతా చక్కగా లోపలికి దోపాడు. జూనియర్ చూశాడు. చూసి, గురువుగారు ఏదీ మరిచిపోలేదని సంతోషపడ్డాడు. ఇంజనీరు కూడా మెచ్చుకోలుగా తల ఊపాడు. అక్కడున్న ఏ ఒక్కరికీ అందులో తప్పు కనబడలేదు.

దిగాడు. ఆపే మీట నొక్కాడు, నొక్కానని గట్టిగా చెప్పాడు. అడుగున ఉన్న స్ప్రింగులు చూశాడు, మడ్డి తుడిచాడు. "రండి, ఇక చాలు," అన్నాడు ఇంజనీరు, గొంతులో ఆనందం దాచుకోకుండా. బావ నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టాడు. సగం పైకి వచ్చాక మోకాలు ఎత్తాడు. మోడు పైకి వచ్చింది. కాలు కింది మెట్టు మీదే నిలబడి ఉంది. ఒక్క క్షణం అలా నిలబడి, వెనక్కి ఒరిగి, బూటుతో సహా గొయ్యిలో పడింది.

గడ్డం మెట్టుకి కొట్టుకుని చీలింది. అయినా పట్టు వదల్లేదు, చేతుల బలం మీద వేలాడాడు. జూనియర్, ఇంకొకతను కలిసి చంకల కింద పట్టుకుని పైకి లాగారు. తర్వాత జూనియర్ దిగి, కాలుని రెండు చేతులతో పట్టుకుని పైకి తెచ్చాడు. నేను దిగేసరికి బావ సిమెంటు నేలమీద గోడకి ఆనుకుని కూర్చుని, రబ్బరులోంచి నిక్కరు అంచు మెల్లగా బయటికి లాగుతున్నాడు.

బావ తొడ మీద మడత అచ్చు చూడగానే కాళ్ళమ్మ గ్రహించింది. బట్ట తగలకూడదని చెప్పానా లేదా అని అరిచింది. "చెప్పారమ్మా. చెయ్యి దానంతటదే వెళ్ళింది," అన్నాడాయన. ఆవిడ కాసేపు ఆయన చేతుల వంక చూసి, గొంతు తగ్గించి, కాలులో లోపం లేదు, మనిషిలో లోపం లేదు, ఇది దిద్దుకోగలిగిందే అంది. తనే ఇంజనీరుతో మాట్లాడింది. ఆయన ఇంకో అవకాశం ఇస్తానన్నాడు.

ఆ మాట చెప్పడానికి జూనియర్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. బావ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు, గడ్డానికి పట్టీతో. విని, తను రానని చెప్పమన్నాడు.

జూనియర్ నా వైపు చూశాడు. నేను నచ్చజెప్పబోయాను. "ఈసారి దోపుకోకు బావా. అంతేగా."

"అంతే కాదు. దోపకూడదు, దోపకూడదు అనుకుంటూ దిగాలి. గొయ్యిలో ఉన్నంతసేపూ నా ధ్యాస నిక్కరు మీద ఉంటుంది. ఇక పైన ఏం కదులుతోందో ఎవడు చూస్తాడు? నా పక్కన ఇంకొకడు కూడా ఉంటాడు కదా లోపల."

"బిగుతుది కొందాం. దోపడానికి ఏమీ ఉండదు."

"చేతికి ఇంకేదో దొరుకుతుంది."

"గురువుగారూ, అలవాటు మార్చుకోవచ్చండీ," అన్నాడు జూనియర్.

"మార్చుకుంటాననే అనుకో. దోపుకోనివాణ్ణి నీ గుంపులో దిగనిస్తావురా?"

జూనియర్ తన చేతి వంక చూసుకుని, "దిగనివ్వను," అన్నాడు.

"ఊఁ. ఆ చోటులోకి ఎవరినైనా తీసుకో."

చెల్లెలు తలుపు దగ్గర నిలబడి ఉంది. మొదటి నుంచీ ఆ గొయ్యి వద్దని పోరింది తనే. ఇప్పుడు ఆయనే వద్దన్నాడు. తను మాత్రం కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత బావ మెట్లెక్కడం మానేశాడు. సంచీలో ఇసక మొక్కల కుండీల్లోకి పోయింది. నిక్కర్లు మాత్రం అవే, పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా, బజారుకీ, గుమ్మానికీ, కుర్చీకీ. ఒకరోజు ఇద్దరం రొట్టెలు కొనుక్కుని వచ్చి లిఫ్టు ఎక్కాం. మూడో అంతస్తు ఇల్లాలు కూడా ఎక్కింది. లిఫ్టు కదలగానే పైనెక్కడో సన్నగా గీసుకుంటున్న చప్పుడు.

"చూశావా అన్నయ్యా, వారం నుంచీ ఇంతే. నీకు తెలుస్తుందిగా, ఏమిటది?" అంది ఆమె.

బావ తల పైకెత్తి విన్నాడు. ఆయనకి తెలిసింది, ఆ సంగతి నాకు మొహంలో కనబడింది.

"కంపెనీకి ఫోన్ చెయ్యమ్మా. మనిషిని పంపిస్తారు," అన్నాడు.

ఆమె మూడో అంతస్తులో దిగిపోయింది. తలుపులు మూసుకున్నాయి. మా అంతస్తు వచ్చేదాకా ఆ చప్పుడు వింటూ నిలబడ్డాం.