నేవీ తాత పసుపు పాతర

దయ్యం అన్న మాట వింటే నవ్వే మనిషిని నేను. మా వాడకట్టులో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు కడుపుకింత తిండి పెట్టండని కసిరేదాన్ని. అలాంటిదాన్ని నేనే ఇది రాస్తున్నాను.

మా నాన్నకు చిన్నాన్న ఒకాయన నేవీలో చేశాడు. చిన్నతనంలో బొంబాయి పారిపోయి, మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడ అడుగున బొగ్గు వేసే పనికి కుదిరాడు. రెండో యుద్ధం నాటికి ఆఫీసరయ్యాడు. పెళ్లి లేదు, పిల్లల్లేరు. ముసలితనంలో ఆర్మూర్ పక్కన పెర్కిట్‌లో ఇల్లు కట్టుకుని, నన్నూ మా ఆయననూ తెచ్చి పెట్టుకున్నాడు.

మహా కోపిష్టి. కానీ ఏ తలుపుకైనా బయట గొళ్లెం పెట్టే ముందు మూడుసార్లు కొట్టి, చెవి ఆనించి వినేవాడు. ఖాళీ కొట్టానికైనా అంతే. ఎలుకలను పలకరిస్తున్నావా తాతా అని ఆటపట్టించేదాన్ని.

పంతొమ్మిది వందల ఎనభై ఆరులోనో ఏడులోనో, మంచాన పడ్డాక, గంజి తాగిస్తుంటే నాకొక్కదానికే చెప్పాడు. మొదటి యుద్ధంలో ఓడకు దెబ్బ తగిలి నీళ్లొస్తే, లోపల చిక్కుకుని ఇనుప తలుపు కొట్టాడట. బయటున్న ఆఫీసర్ తెరిచి బతికించాడు. రెండో యుద్ధంలో అలాంటి తలుపుకే బయట ఈయన నిలబడ్డాడు. లోపల మనుషులున్నారు, తెరిస్తే ఓడ మొత్తం మునుగుతుంది.

"ఆళ్లు కొడుతనే ఉన్నరు బిడ్డా. నేను తియ్యలే."

ఆ నెలలోనే పోయాడు.

తొంభై ఒకటి ఎండాకాలం. మా పెరట్లో పసుపు పాతర ఉండేది. రెండు నిలువుల లోతు గొయ్యి. ధర వచ్చేదాకా కొమ్ములు అందులో పోసి, పైన బండ మూసేవాళ్లం. మూసిన పాతరలో గాలి చెడుతుందని, తెరిచి చాలాసేపు ఆగాకే దిగాలని అందరికీ తెలుసు. మార్కెట్‌కు పోయే బండి వాకిట్లో నిలబడిందని మా ఆయన ఆగలేదు. పట్టపగలు పన్నెండింటికి దిగాడు.

కాసేపటికి పిలిస్తే పలకలేదు. నా కేకలకు చుట్టుపక్కల వాళ్లు పరుగెత్తుకొచ్చారు. కందిలి దింపితే ఆరిపోయింది. నడుముకు తాడు కట్టుకున్న మా మరిది అది చూసి వెనక్కి జరిగాడు.

"వదినా, అన్న పోయిండు. దిగినోడు గూడ పోతడు" అన్నాడు.

అప్పుడు లోపలి గోడ మీద మూడు దెబ్బలు. ఆగి, మళ్లీ మూడు. నేనొక్కదాన్నే కాదు, అక్కడున్న వాళ్లంతా విన్నారు. బతికే ఉన్నాడంటూ మరిది ఊపిరి బిగబట్టి దిగాడు. ఇద్దరినీ తాడుతో పైకి లాగారు.

మా ఆయనకు స్పృహ లేదు. బోర్లా పడి ఉన్నాడని, రెండు చేతులూ ఒంటి కిందే ఇరుక్కుని ఉన్నాయని మరిది చెప్పాడు. సాయంత్రం దవాఖానలో కళ్లు తెరిచి, నా చెయ్యి పట్టుకుని అడిగాడు.

"మిగిలినోళ్లను తీసిన్రా?"

ఎవరని అడిగితే, అంతమంది గోడ కొడుతుంటే మీకు వినపడలేదా అని నా మీదే విసుక్కున్నాడు. తాత చెప్పిన సంగతి ఆయనకు తెలియదు. ఇప్పటికీ నేను చెప్పలేదు. గాలి ఆడకపోతే అట్లాంటివి అనిపిస్తాయని డాక్టర్ అన్నాడు. మరి పైనున్న మేమంతా విన్నదేమిటి? ఆయన్ని బతికించడానికి కొట్టారా, తమను తీయమని కొట్టారా? ఇన్నేళ్లుగా ఆలోచిస్తున్నాను, నాకు అంతు చిక్కలేదు.

వారం తిరగకుండానే, అందులో ఉన్న పసుపుతో సహా పాతరను పూడ్పించాను. మట్టి పోస్తున్నంతసేపు ఇంట్లో తలుపేసుకుని, రెండు చెవులూ గట్టిగా మూసుకుని కూర్చున్నాను.