ఒకటి బాగుందా, రెండు బాగుందా

“నేను సరే అన్నాక నాన్న జన్మంతా ఆ గొట్టంతోనే ఉండిపోతే? వద్దన్నాక, పెట్టుంటే బతికేవాడని ఎవరైనా అంటే? ఎటు తిరిగినా నేనే చేసినట్టవుతుంది కదమ్మా!”

ఐసీయూ బయట ఇనుప కుర్చీలో కూర్చుని చిట్టి ఈ మాట అంటే, పక్కనున్న అమ్మ హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని దాని జిప్పు తెరుస్తూ మూస్తూ ఉంది. పదకొండు రోజులుగా అదే పని.

ముప్పై దాటినా ఇంట్లో ఆమె ఇంకా చిట్టే. రక్తపరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం, ఇంట్లో మూడేళ్ళ పాప. తండ్రి మంచం పక్కన మెషిన్‌లో అంకెలు చదవడం వచ్చు కాబట్టి ఆమెకి అన్నీ తెలుసని ఇంట్లోవాళ్ళ నమ్మకం. అంకెలు తెలిసినకొద్దీ గుండె జారిపోతుందని మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు.

లోపల మంచం మీదున్నది అద్దాలాయన. ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. నలభై ఏళ్ళుగా కళ్ళజోళ్ళ దుకాణం నడిపాడు. ఆయన కళ్ళకే సోడాబుడ్డి అద్దాలు. అవి తీస్తే ఎదురుగా ఉన్నది మనిషో, తలుపుకి తగిలించిన చొక్కానో తెలిసేది కాదు. “నేనే కళ్ళు సరిగా కనపడని వాణ్ణి, నన్ను నమ్ముకుని వస్తారేమిటో!” అని వచ్చినవాళ్ళతోనే అని నవ్వేవాడు.

ఆయన చూపు పరీక్షించే పద్ధతి వేరు. అక్షరాల బోర్డు ఎదురుగా కూర్చోబెట్టగానే పెద్దపెద్దవాళ్ళు కూడా బిగుసుకుపోతారు. తప్పు చదివితే ఎవరో బెత్తం పట్టుకొస్తారన్నట్టు చూస్తారు. ఒక హెడ్మాస్టరైతే బయట నిలబడి, ముందువాళ్ళు చదువుతుంటే విని, బోర్డంతా కంఠతా పట్టి వచ్చాడు. అందుకని అద్దాలాయన “బాగా కనపడుతోందా?” అని ఎవరినీ అడిగేవాడు కాదు. పరీక్ష ఫ్రేములో ఒక అద్దం పెట్టి “ఇది ఒకటి” అనేవాడు. అది తీసి ఇంకోటి పెట్టి “ఇది రెండు. ఒకటి బాగుందా, రెండు బాగుందా?” అంతే. తర్వాత వాళ్ళకి చెప్పకుండా రెండిటినీ తారుమారు చేసి మళ్ళీ అడిగేవాడు. ఇందాక రెండన్నవాళ్ళు ఇప్పుడు ఒకటి అంటే నిజంగా కనపడినట్టు. మళ్ళీ రెండే అన్నారంటే మొహమాటానికి చెబుతున్నట్టు. “మొహమాటానికి అద్దాలు లేవమ్మా, ఉంటే ఈపాటికి మేడ కట్టేవాణ్ణి” అనేవాడు.

ఏడాదిగా ఆయన ఊపిరితిత్తులు గట్టిపడుతూ వచ్చాయి. దాని మీద నిమోనియా వచ్చిపడింది. ముక్కూ నోరూ కలిపి బిగించిన మాస్కులోంచి మెషిన్ గాలి తోస్తుంటే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాడు. ఇప్పుడదీ చాలడం లేదు. ఆ ఉదయం డాక్టరమ్మ వాళ్ళని పక్కకి పిలిచి దాచకుండా చెప్పింది. గొంతులోకి గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టొచ్చు. కానీ ఈ ఊపిరితిత్తులతో మళ్ళీ దాన్ని తీయగలమన్న నమ్మకం చాలా తక్కువ. లేదంటే గొట్టం జోలికి పోకుండా, ఆయాసం తెలియకుండా మందులిస్తూ ఉన్నన్నాళ్ళు చూసుకోవచ్చు.

“ఆయన్నే అడగాలి నిజానికి. కానీ రెండో రోజు నుంచీ మనుషుల్ని గుర్తుపట్టడం లేదు, పిలిస్తే ఎటో చూస్తున్నారు. అయోమయంలో ఉన్నారు. కాబట్టి మీరే చెప్పాలి. సాయంత్రంలోగా చెప్పండి.”

ఆవిడ అటు వెళ్ళగానే అన్నయ్య లేచాడు. దుకాణంలో అద్దాలు అరగదీసేదీ ఫ్రేములు బిగించేదీ ఇప్పుడు అతనే.

“ఇందులో ఆలోచించడానికేముంది? గొట్టం వేయమని చెప్పేద్దాం. చేతులు కట్టుకుని చూస్తూ కూర్చుంటామా?”

“వేశాక నాన్న ఎలా ఉంటాడో విన్నావా?”

“విన్నాను. నువ్వు చదువుకున్నదానివి, నీకు అంకెలు కనపడతాయి. నాకు నాన్న కనపడతాడు.”

“నాకు కనపడడా? ఏం మాటరా అది!”

“నీ పాపకే ఇలా అయితే ఇన్ని లెక్కలు వేస్తావా?”

చిట్టి తల దించుకుంది. అన్నయ్యకి కూడా అన్నాక తెలిసింది, ఎంత మాట అన్నాడో. మొహం తిప్పుకుని కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో రుద్దడం మొదలుపెట్టాడు.

“చొక్కాతో తుడవకురా, గీతలు పడతాయి. నాన్న చూస్తే తిడతాడు” అంది అమ్మ, అలవాటుగా.

చిట్టి తలెత్తింది.

“అమ్మా, నాన్న కళ్ళజోడేది?”

ఇద్దరూ ఆమె వైపు చూశారు. అమ్మ మెల్లగా జిప్పు తెరిచి, చేతిరుమాల్లో చుట్టిన సోడాబుడ్డి అద్దాల్ని బయటికి తీసింది. “మొదటి రోజే మాస్కుకి అడ్డమని నర్సు తీసిచ్చింది. పోతాయేమోనని దాచాను...”

నలభై ఏళ్ళు ఊరందరికీ చూపు సరిచేసిన మనిషిని, ఆయన ఇంటివాళ్ళే పదకొండు రోజులు కళ్ళజోడు లేకుండా పడుకోబెట్టారు. ఎటో చూస్తున్నాడన్నారు. గుర్తుపట్టడం లేదన్నారు. మాస్కు బిగించి ఉన్నందుకు కళ్ళజోడు కావాలని ఆయన అడగలేకపోయాడు. అన్నయ్య నెత్తిన చెయ్యి పెట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని ఆ కళ్ళజోడు అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“మాస్కు ముక్కు మీదికి వస్తుంది, ఇది నిలబడదు. ముక్కు దగ్గర ప్యాడ్లు తీసేయాలి. చెవులకి తగిలించే కాడల బదులు వెనక నుంచి ఎలాస్టిక్ పెట్టాలి. గంటలో వస్తా. నేను వచ్చేదాకా ఎవరికీ ఏమీ చెప్పకు.”

“చెప్పను. పో.”

అతను మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చాడు. వేలి చివర ఎక్కడో కోసుకున్నాడు, చూసుకున్నట్టు కూడా లేదు. నర్సుని బతిమాలి ముగ్గురూ లోపలికి వెళ్ళారు. అన్నయ్య తండ్రి తల మెల్లగా ఎత్తి ఎలాస్టిక్ వెనక్కి వేసి, అద్దాలు కళ్ళ ముందు కుదిర్చాడు.

అద్దాలాయన రెండుసార్లు రెప్పలాడించాడు. అమ్మని చూశాడు. చిట్టిని చూశాడు. తర్వాత కొడుకు వైపు తిరిగి నుదురు చిట్లించాడు. వాచిన చెయ్యి లేపి కళ్ళజోడు ఎడమ పక్కని వేలితో తట్టాడు. అది కాస్త పైకి ఉంది.

“వంకరగా ఉందంటున్నాడే!” అన్నయ్య నవ్వాడు, ఏడ్చాడు, రెండూ ఒకేసారి. “సరిచేస్తా నాన్నా, సరిచేస్తా.”

డాక్టరమ్మని పిలిచారు. ఆవిడ నాలుగు ప్రశ్నలు వేసి తల ఊపించింది. అన్నీ సరిగ్గానే చెప్పాడు. ఇక సంగతంతా ఆయనకే వివరించింది, ఓపిగ్గా, మొదటినుంచి చివరిదాకా. “ఇప్పుడు మీకేం కావాలో చెప్పండి” అంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. రాసి చెప్పమని వేళ్ళ మధ్య పెట్టిన పెన్ను జారి దుప్పటి మీద పడింది.

“ఆయనకి ఓపిక లేదండీ, అడగడం వదిలేద్దాం” అన్నాడు అన్నయ్య.

“ఆగు. బోర్డంతా ఒకేసారి చదవమంటున్నాం ఆయన్ని” అంది చిట్టి. మంచం మీదికి వంగింది. “నాన్నా, ఇది ఒకటి. గొంతులో గొట్టం వేస్తారు. నిద్రపుచ్చుతారు. మాట్లాడలేవు. గొట్టం మళ్ళీ తీస్తారన్న నమ్మకం తక్కువ. ఇది రెండు. గొట్టం లేదు. మెలకువగా ఉంటావు, మాతో ఉంటావు. ఆయాసం తెలియకుండా మందిస్తారు. ఎక్కువ రోజులు ఉండకపోవచ్చు. ఒకటా, రెండా?”

ఆయన కళ్ళు తెరిచాడు. అద్దాల వెనక ఆ కళ్ళు ఎప్పటిలాగే చిన్నగా కనిపించాయి. రెండు వేళ్ళు లేపాడు.

చిట్టి రెండిటినీ తారుమారు చేసింది. “ఇప్పుడు ఒకటి, గొట్టం లేకపోవడం. రెండు, గొట్టం. ఏది?”

ఒక వేలు.

డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంది. అమ్మ ఆ వేలిని తన గుప్పిట్లోకి తీసుకుంది. అక్కడితో అయిపోవాల్సింది. కానీ చిట్టి ఊరుకోలేకపోయింది. “నాన్నా, గొట్టం వేస్తే ఒక్కోసారి కోలుకుంటారు కూడా... పాప తాతయ్య ఏడీ అని అడుగుతోంది... ఒకసారి మళ్ళీ...” ఆయన రెండో చెయ్యి మెల్లగా వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. ఆమె మాట ఆగేదాకా వదల్లేదు.

మర్నాడు ఆయన్ని కిటికీ ఉన్న గదిలోకి మార్చారు. ఇంకో ఆరు రోజులు ఉన్నాడు. మాస్కు తీసిన కొద్ది నిమిషాల్లో నాలుగు మాటలు మాట్లాడేవాడు. దుకాణం బీరువా తాళం ఎక్కడుందో చెప్పాడు. కొడుకు చేసిన ఎలాస్టిక్ పని మెచ్చుకుని, “ఎడమ పక్క మాత్రం ఇప్పటికీ పైకే ఉందిరా” అన్నాడు. ఏడో రోజు పొద్దున్నే అమ్మ ఆయన అద్దాలు మెత్తటి గుడ్డతో తుడుస్తుండగా ఊపిరి ఆగింది.

మొన్న పాపకి ఒళ్ళు కాలిపోతూ జ్వరం వచ్చింది. ఎక్కడ నొప్పి అంటే ఏడవడమే తప్ప చెప్పదు. చిట్టి తనే ఏడ్చేలా ఉండి, ఒక్క క్షణం ఆగి అడిగింది. “కడుపా, చెవా?” చెవి అంది పాప. “చెవా, కడుపా?” చెవే అంది. కడుపైతే ఇంట్లోనే చూసుకోవచ్చు కదా అని మూడోసారి అడగబోయింది. అడగలేదు. పాపని భుజానేసుకుని, చెప్పుల్లో కాళ్ళు దూర్చి, డాక్టరు దగ్గరికి బయల్దేరింది. ఆస్పత్రి గదిలో కిటికీ పక్కన, మాస్కు తీసినప్పుడు, నాన్న ఊపిరి కూడగట్టుకుంటూ అన్న మాట అప్పట్నుంచీ ఆమె చెవిలోనే ఉంది.

“తిప్పి అడగడం మంచిదే చిట్టీ. జవాబు నిజమో కాదో తేలేదాకా అడుగు. నీకు నచ్చేదాకా మాత్రం అడక్కు.”