ఐదువందల ఇంజనూ మా ఆయన చెవులూ

నాకు ముక్కుమీద కోపమని మా వీధంతా చెబుతుంది. కాదనను. కానీ యోగానంద్‌తో పద్దెనిమిదేళ్ళు కాపురం చేసి కోపం తెచ్చుకోని మనిషి ఎవరైనా ఉంటే నాకు చూపించండి. ఆయన పట్టిన పట్టు విడవడు, పిలిస్తే పలకడు. పట్టుదల సంగతి పెళ్ళిచూపుల్లోనే తెలిసింది. పలకకపోవడం మాత్రం తర్వాత మొదలైంది. అది లెక్కలేనితనమనుకుని రోజూ తిట్టేదాన్ని.

ఆయన వాళ్ళది రాయచూరు బజారులో ఇత్తడి సామాన్ల అంగడి. కొడుకు గల్లా దగ్గర కూర్చుంటాడని మా మామగారు గోపాలయ్య ఎంతో ఆశపడ్డారు. ఈయనేమో పవర్ ప్లాంటు మొదలైన కొత్తలోనే ఫిట్టరుగా చేరిపోయాడు. చిక్కసూగూరులో ఇల్లు తీసుకున్నాం. అక్కడినుంచి ఆయనకు ప్లాంటూ దగ్గరే, నాకు రాయచూరులో నేను లెక్కలు చెప్పే బడీ దగ్గరే.

ప్లాంటులో ఆయన చెవికి పేరుండేది. తిరుగుతున్న పంపు మీద స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, "ఇది పది రోజులకు మించి నడవది" అనేవాడు. నడిచేది కాదు. ఆ రొదలో పెట్టుకోమని అందరికీ చెవి మూతలిచ్చారు. అందరూ పెట్టుకున్నారు. ఈయన మెడలో హారంలా వేసుకుని తిరిగాడు. ఎందుకు పెట్టుకోవని అడిగితే, "చెవులు మూసుకుంటే మెషిన్ మాట ఎట్ల ఇనాలె?" అన్నాడు. మెషిన్ మాట వినడానికి తీరిక ఉంది, నా మాట వినడానికి లేదు.

మా ఇద్దరికీ కలిసిన సరదా ఒక్కటే, బుల్లెట్ మీద తిరగడం. మూడువందల యాభై సీసీ పాత బండి. దానికి రెండువైపులా ఇనుప పెట్టెలు తనే అతికించాడు. నా బడికి వేసవి సెలవులిస్తే చాలు, ఆయన ప్లాంటులో సెలవు పెట్టేవాడు. హంపి, గోకర్ణం, కొల్లూరు, అన్నీ దాని మీదే చూశాం. కిందటేడు ఉడుపి నుంచి వస్తూ ఆగుంబె ఘాట్ ఎక్కుతుంటే, ఇద్దరి బరువూ పెట్టెల బరువూ మోయలేక ఏడో మలుపులో బండి ఆగిపోయింది. బండి చల్లారడం, నాలుగు గజాలు పోవడం, మళ్ళీ ఆగడం. చివరికి పై మలుపులన్నీ నేను నడిచే ఎక్కాను. చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని, దారిపొడుగునా ఆయనను కడిగేస్తూ.

ఇంటికి రాగానే ఒట్టేసినంత పని చేశాడు. "వచ్చే ఎండకాలానికి ఈ బండ్ల ఐదువందల ఇంజన్ ఎక్కిస్త. నువ్వు ఒక్క అడుగు గూడ నడవవు. ఇంకొకరి చెయ్యి పడనియ్య. పడితే నేను ఫిట్టర్నే గాదు."

ఇంజను రాయచూరు దగ్గరి యరగేరలో దొరికింది. అక్కడ బసవప్ప అనే బుల్లెట్ మెకానిక్, గుద్దుకుని పాడైన ఒక బండి నుంచి దాన్ని విప్పి ఉంచాడు. బసవప్పది కన్నడం. కానీ మాతో మాట్లాడేటప్పుడు సగం తెలుగు కలుపుతాడు, మేమూ సగం కన్నడం కలుపుతాం. మా ఊళ్ళో అందరి మాటా అంతే, ఏ మాట ఏ భాషదో ఎవరూ చూసుకోరు. ఇంజను ఆటోలోకి ఎక్కిస్తూ అతను ఒక సలహా ఇచ్చాడు. "దీన్ల కంప్రెషన్ జాస్తి అన్నా. పాత గుర్తు మీద పెట్టొద్దు. టైమింగ్ కొంచెం ముందక్క హాకు." నేను పక్కనే ఉన్నాను. ఆయన తలూపాడు, నేనూ ఊపాను.

జనవరి నుంచి ఆదివారాలన్నీ ఆ బండికే పోయాయి. కొత్త ఇంజను కింద బోల్టులకూ వెనక బోల్టులకూ బాగానే కూర్చుంది. ఎత్తు ఎక్కువ కావడంతో పైన మాత్రం పెట్రోలు ట్యాంకుకు తగిలింది. ట్యాంకు కింద రబ్బరు బిళ్ళలు వేసి లేపాడు. ఇంజనును చట్రానికి పట్టి ఉంచే పట్టీ పొట్టిదయితే, ఇనుప ముక్క కోసి, ఆకురాయితో నునుపు చేసి కొత్తది తయారు చేశాడు. గొలుసును తిప్పే ముందువైపు పళ్ళచక్రం మార్చాడు. కార్బురేటర్ పెద్దది పెట్టాడు. ఆఖర్న టైమింగ్, అంటే సిలిండరులో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో సరిచేయడం. దానికోసం ఉండే ప్లేటును బసవప్ప చెప్పాడని వెంట్రుకవాసి ముందుకు జరిపాడు. మార్చి మొదట్లో కిక్ కొడితే నాలుగో దెబ్బకు అందుకుంది. ఆయన ముఖంలో అంత వెలుగు నేను మా పెళ్ళిలో కూడా చూడలేదు, ఆ మాట ఆయనతోనే అన్నాను.

యరగేర రోడ్డులో ఎత్తుగా ఉన్న చోట మొదటిసారి నడిపి చూశాం. బండి దున్నపోతులా లాగింది. కానీ ఎత్తెక్కుతున్నప్పుడు లోపలినుంచి ఏదో చప్పుడు, రేకు డబ్బాలో గోలీలు పోసి ఆడించినట్టు సన్నగా.

"ఏదో మోగుతుందండి," అన్నాను.

"ఏం మోగుతలేదు. నీ గాజులు."

గాజులు తీసి సంచిలో వేసుకున్నాను. అయినా మోగింది. మరుసటి ఆదివారం కార్బురేటర్ విప్పి కడిగాడు, వాల్వులు సరిచేశాడు. అయినా మోగింది. ఇంజను మాత్రం పొయ్యిలా కాగిపోతోంది. బసవప్పను పిలుద్దామంటే కళ్ళెర్ర చేశాడు. "ఇన్నేండ్ల సర్వీసు నాది. లేని సప్పుడు నీకెట్ల ఇనొచ్చింది?"

నాకు ఒళ్ళు మండింది. "సరె. నేను వెనక కూసుంట. మోగినప్పుడల్ల మీ బుజం మీద తడత. మీరే చూసుకోండి."

అదే ఎత్తు నాలుగుసార్లు ఎక్కాం. ఆయన యాక్సిలేటర్ తిప్పగానే గోలీల చప్పుడు, నేను తట్టేదాన్ని. వదలగానే చప్పుడు ఆగేది, నేనూ ఆపేదాన్ని. నాలుగోసారి ఆయన కావాలనే తిప్పుతూ వదులుతూ, తిప్పుతూ వదులుతూ పోయాడు. నా చెయ్యి ఒక్కసారి కూడా తప్పలేదు. రోడ్డు పక్కన పత్తిచేను దగ్గర బండి ఆపాడు. ఊరికే తడితే అంత కచ్చితంగా కుదరదని ఫిట్టరుకు ఒకరు చెప్పాలా?

"నాకు ఇనిపిస్తలేదు వసంతా," అన్నాడు. ముఖం పాలిపోయింది.

ఇన్నేళ్ళూ వంటింట్లోంచి నేను పిలిచిన పిలుపులూ, కుక్కరు కూత పెడుతున్నా కదలకుండా పేపరు చదివిన పొద్దులూ, నేను తిట్టిన తిట్లూ అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. చేను గట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఎవరిమీద కోప్పడాలో తెలియలేదు.

చెవుల డాక్టరు కాగితం మీద ఒక గీత గీసి చూపించాడు. గీత ఎడమ కొసన, లావు చప్పుళ్ళ దగ్గర, బాగానే ఉండి, కుడికి, సన్న చప్పుళ్ళవైపు, పోయేకొద్దీ గుంటలోకి దిగిపోయింది. సన్నని చప్పుళ్ళు పోయాయని, అవి తిరిగి రావని, ఉన్న వినికిడి నిలవాలంటే ఇకనైనా మూతలు పెట్టుకొమ్మని చెప్పాడు. ఇంటికొచ్చి ఆయన పానాలూ స్క్రూడ్రైవర్లూ అన్నీ కిరోసిన్‌తో తుడిచి గోనెసంచిలో చుట్టాడు. ఇంజన్ వెనక్కి తీసుకోమని బసవప్పకు కబురు పెట్టాడు. "చెవులు లేనోడు ఇంజన్ ముట్టొద్దు" అన్నాడు. అన్నం తినలేదు. పట్టు విడవడని నేను ఎవరినైతే తిట్టుకున్నానో ఆ మనిషి పట్టు విడిచేస్తుంటే, నాకు తిట్టడానికి నోరు రాలేదు.

మర్నాడు బడిలో హెడ్మాస్టరు మా టీచర్ల గదిలోకి వచ్చి, "పరీక్ష ఒందు వార ముందక్క హాక్యార్రీ" అని చెప్పి వెళ్ళాడు. కోస్తా నుంచి పెళ్ళై కొత్తగా వచ్చిన హిందీ టీచరు సత్యభామ గాభరాపడిపోయింది. "అయ్యో, వారం ముందుకు జరిపేశారా? నాకింకా మూడు పాఠాలున్నాయండీ."

అందరం నవ్వాం. "నీకు ఇంకో వారం దొరికింది పో," అని నేనే విడమరిచాను. "ముందక్క హాకడమంటె వాయిదా వేసుడు. కన్నడంల ముందక్క అంటె తర్వాతకు..." అంటుండగానే బసవప్ప మాట గుర్తొచ్చింది.

సాయంత్రం ఇంట్లో చెప్పులు కూడా విడవలేదు. ఆయన ఎదురుగా నిలబడి, నోరు కనబడేటట్టు నిదానంగా అడిగాను. "టైమింగ్ ముందక్క హాకు అన్నడు గద బసవప్ప. ఆ మాట ఏ భాషల అన్నడు?"

"ఏ భాషల ఏంది? ముందుకు అన్నడు. ముందుకు జరిపిన."

"మీరు తెలుగుల జరిపిండ్రు. ఆయన కన్నడంల చెప్పిండు."

ఆయన లేచి వెళ్ళి గోనెసంచి విప్పాడు. నిప్పురవ్వ ఆలస్యంగా పడాలని బసవప్ప చెబితే, ఈయన తొందరగా పడేటట్టు చేశాడు. పిస్టన్ పైకి చేరకముందే పెట్రోలు మండి దాని నెత్తిన మొడుతోంది. ఆ మొట్టికాయల చప్పుడే నాకు వినబడింది. వింటే ఏ మెకానిక్కైనా నిమిషంలో పట్టేసేవాడు. అట్లాగే ఘాట్ ఎక్కించి ఉంటే పిస్టన్‌కు చిల్లు పడేదట. సంగతి విని బసవప్ప, "ముందక్క అంటె వెనక్కే కదన్నా, ఇంకేమైతది?" అని మా ఇద్దరినీ వింతగా చూశాడు. ఇంజను తీసుకుపోకుండా టీ తాగి వెళ్ళాడు.

అయితే ఎంత వెనక్కి అన్నది చెవులే చెప్పాలి. అవి నా దగ్గర ఉన్నాయి. మూడు ఆదివారాలు అదే ఎత్తు, అదే రోడ్డు. ఆయన ప్లేటును వెంట్రుకవాసి తిప్పి పెన్సిలుతో గీత పెట్టేవాడు. నేను వెనక కూర్చుని తట్టేదాన్ని. "ఎక్కువ మోగిందా, తక్కువనా? మొదట్లనా, చివర్లనా?" అని విసుగు లేకుండా అడిగేవాడు, నేను విసుక్కుంటూ చెప్పేదాన్ని. మరీ వెనక్కి పోతే బండి నీరసంగా ఈడ్చేది. అది ఆయనకే ఒంటికి తెలిసేది. మూడో ఆదివారం కింది నుంచి పైదాకా నా చెయ్యి లేవలేదు. పైన ఆపి రెండుసార్లు అడిగాడు, నిజంగా తట్టలేదా అని. ప్లాంటులో ఇప్పుడు మూతలు చెవులకే పెట్టుకుంటున్నాడు. పంపుల సంగతి చేత్తో తాకి చెబుతున్నాడట. తప్పుతున్నాడు, మళ్ళీ నేర్చుకుంటున్నాడు.

మే నెలలో ఉడుపి నుంచి ఆగుంబె ఎక్కాం. పెట్టెలు రెండూ నిండుగా ఉన్నాయి, నేను కిందటేటికంటే బరువే. బండి ఎక్కడా ఆగలేదు. ఒక మలుపులో మాత్రం లోపల సన్నగా గోలీలు కదిలాయి, భుజం తట్టాను. ఆయన టక్కున గేరు దించాడు, మళ్ళీ మోగలేదు. నేను ఒక్క అడుగు నడవలేదు.

ఘాట్ పైన ఇంజను ఆపి, హెల్మెట్ తీసి, ఆయన చుట్టూ ఉన్న అడవిని కళ్ళారా చూశాడు. "ఎంత నిమ్మళంగ ఉంది వసంతా," అన్నాడు. "ఎక్కడా సప్పుడే లేదు."

అడవంతా కీచురాళ్ళ రొద. ఆ గోలలో ఆయన మాటే నాకు సరిగ్గా వినబడలేదు. అవునని ఊరుకుందామనుకున్నాను. కానీ ఊరుకునే మనిషినైతే మేము ఇక్కడిదాకా వచ్చేవాళ్ళమే కాదు.

"నిమ్మళం యాడిది? కీచురాళ్ళు చెవులు తినేస్తున్నయి," అన్నాను.

ఆయన చెట్లవైపు చూశాడు. తర్వాత నావైపు తిరిగి, "ఎట్ల?" అన్నాడు.

నేను పళ్ళు బిగబట్టి ఆ చప్పుడు చేసి చూపించాను, మా బడి పిల్లలు చూస్తే వారం రోజులు నవ్వుకునేటట్టు. ఆయన నవ్వలేదు. నా నోటి మీదినుంచి చూపు తిప్పకుండా, "ఇంకోసారి చెయ్యి," అన్నాడు.